పెనుకొండ కాలువ – నేటి ఇంజనీరు చదువు

క్రీ.శ. 1388లో హరిహరరాయల కుమారుడు ప్రతాప బుక్కరాయలు పెనుకొండనుండి యొక ఆజ్ఞ యిచ్చెను. నీరు ప్రాణులకెల్ల ఆధారము గనుక, ప్రజల సుఖముకొరకు పెన్నానదినుండి కాలువ త్రవ్వి పెనుకొండకు నీరు తేవలెనని దాని సారాంశము. ఆ పని సింగాయభట్టు అను వానికి అప్పగింపబడెను. కాలువ సిరువెర చెరువును చేరినది. ఈ వృత్తాంతమును తెలుపు శాసనము సింగాయభట్టును జలసూత్రమునందు నిపుణుడనుటతో తృప్తిపడలేదు. దశవిద్యాచక్రవర్తి యని కూడ కొనియాడినది.

బిరుదులలో అతిశయోక్తి సహజమే. అయినను ఈ బిరుదునందు ఒక సత్యము కలదు. ఏటినీరు చెరువునకు చేరవలెనన్న లెక్క మాత్రము తెలిసిన చాలదు. నేలవాలు తెలియవలెను. ఏ మన్ను నీటిని నిలుపునో, ఏ మన్ను పీల్చివేయునో తెలియవలెను. ఎక్కడ బండ అడ్డువచ్చునో, ఎవరి పొలముగుండ కాలువ పోవునో, ఎగువ రైతునకును దిగువ రైతునకును తగవు రాకుండ నీటిని పంచుట యెట్లో తెలియవలెను. మన్ను త్రవ్వు కూలీకి బోధపడునట్లు చెప్పగల మాటనేర్పును వలెను. ఇన్ని విద్యలను ఒక పనియందు కూర్చగలవాడే ఇంజనీరు. నేటి ఇంజనీరింగు చదువులో కొరవడినది ఈ కూర్పే.

ఈ సీమలో ఇంజనీరింగు విద్య కొత్తది కాదు. 1946లో స్థాపితమైన అనంతపురము ఇంజనీరింగు కళాశాల, 1972లో జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయమునందు చేరి, 2008లో తానే ప్రత్యేక విశ్వవిద్యాలయమైనది. పరిశ్రమలకును కొదువ లేదు. హిందూపురము చెంత తూముకుంట పారిశ్రామికవాడ కలదు. పెనుకొండ సమీపమున ఎర్రమంచివద్ద కియా కార్ల కర్మాగారమునకు 2017లో ఒప్పందము కుదిరి, 2019లో ఉత్పత్తి ప్రారంభమైనది. ఏటికి మూడు లక్షల కార్లు చేయు సామర్థ్యము దానికి కలదు. కాని కర్మాగారము ఊరిముందర వెలసినంత మాత్రమున ఊరి పిల్లలకు విద్య అబ్బదు. వేరుసెనగ రైతు బిడ్డ, మగ్గము నేసిన తల్లి బిడ్డ ఇంటిలో మొదటి పట్టభద్రులై బయటికి వచ్చి, చేతిలోని పట్టము చేతిలోని పనికి పనికిరాక నిలిచిపోయినచో, ఆ నష్టము ఒక్క విద్యార్థిది కాదు. ఆ చదువుకై అప్పుచేసిన కుటుంబమంతటిది.

సంస్కరణలు జరుగలేదనుట న్యాయము కాదు. 2018లో అఖిల భారత సాంకేతిక విద్యామండలి ఆదర్శ పాఠ్యప్రణాళికను ప్రకటించినది. అంతకు ముందు 220 వరకు ఉండిన క్రెడిట్లను 160కి తగ్గించినది. కొత్తగా చేరినవారికి మూడు వారముల పరిచయ కార్యక్రమమును, పరిశ్రమలలో శిక్షణను విధించినది. ఇవన్నియు మేలైనవే. అయినను అనంతపురము విశ్వవిద్యాలయపు నిబంధనలలో సిద్ధాంత విషయములకు సెమిస్టరు చివరి వ్రాతపరీక్ష 70 మార్కులది. అంతర్గత మూల్యాంకనము 30 మార్కులది. విద్యార్థి మార్కులున్న దిక్కునకే నడచును. అందుచే ప్రణాళిక మారినను పాత ప్రశ్నపత్రముల కట్ట చేతినుండి దిగదు; ప్రయోగశాల రికార్డు పుస్తకము ఒకరిది చూచి ఒకరు వ్రాయుట మానదు; చివరి సంవత్సరపు ప్రాజెక్టు బజారులో కొనబడుటయు కలదు. పరీక్ష మారనిదే చదువు మారదు.

ఇతర దేశముల అనుభవము ఇచట ఉపకరించును. డెన్మార్కులో 1974లో ఏర్పడిన ఆల్బోర్గ్ విశ్వవిద్యాలయమున విద్యార్థులు చిన్న జట్లుగా చేరి, సెమిస్టరు పొడవునను ఒక నిజమైన సమస్యను పరిష్కరించుచు, దానికి కావలసిన శాస్త్రమును నేర్చుకొందురు. 2014లో అమెరికాలో విజ్ఞాన, ఇంజనీరింగు, గణిత శాస్త్రముల బోధనపై జరిగిన 225 పరిశోధనలను కలిపి పరిశీలించిరి. కేవలము ఉపన్యాసము విను తరగతులలో తప్పినవారు నూటికి సుమారు 34 మంది కాగా, విద్యార్థులచే పనిచేయించు తరగతులలో 22 మందియే తప్పిరని తేలినది.

ఈ పద్ధతిని హిందూపురమునకు తెచ్చుటకు గొప్ప యంత్రములు అక్కరలేదు. సమస్యలు చుట్టునే యున్నవి. మొదటి సంవత్సరము ప్రతి జట్టునకు ఒక పల్లె చెరువును అప్పగింపవచ్చును. కట్ట పొడవు, తూము ఎత్తు, పూడిక లోతు, ఎండకు ఆవిరియగు నీరు కొలుచునప్పుడు త్రికోణమితియు కలనగణితమును పుస్తకమునుండి లేచి గట్టుమీదికి వచ్చును. రెండవ సంవత్సరము కంప్యూటరు శాఖవారిని ధర్మవరము పంపవచ్చును. పట్టుమగ్గముపై జకార్డు అట్టలో రంధ్రమున్న చోట పోగు లేచును; లేనిచోట లేవదు. ఉన్నది, లేనిది అను ఈ రెండు గుర్తులే కంప్యూటరు భాషకును మూలము. గణనయంత్రమును ఊహించిన బాబేజ్ ఈ అట్టలనే ఎరువు తెచ్చుకొనెను. అది కంటితో చూచిన విద్యార్థికి ఆ పాఠమును వల్లెవేయు పని యుండదు. మూడవ సంవత్సరము లేపాక్షి మండపపు స్తంభములు బరువు మోయు తీరునో, బిందుసేద్యపు గొట్టములలో ఒత్తిడి తగ్గు తీరునో పరీక్షింపవచ్చును.

దీనికి ఆక్షేపణలు లేకపోలేదు. మూలశాస్త్రములు బలహీనపడునని కొందరు భయపడుదురు. ఆ భయము నిరాధారము కాదు. సమస్యపేరిట గణితమును దాటవేసినచో మిగులునది మేస్త్రీ విద్యయే. కావున ఉపన్యాసములను తొలగించుట కాక, సెమిస్టరుకు ఒక్క విషయమును మాత్రము ఈ విధముగా బోధించి చూచుట యుక్తము. అరువదిమంది గల తరగతిలో ఇది సాధ్యమా అని మరికొందరి సందేహము. ఐదుగురు చొప్పున పండ్రెండు జట్లయినచో, పండ్రెండు పనులను పరిశీలించుట ఒక అధ్యాపకునికి మోయరాని భారము కాదు. కాని అధ్యాపకుడు కూడ క్షేత్రము నెరిగియుండవలెను. వేసవి సెలవులలో కొన్నివారములు కర్మాగారములో గడుపుటకు అతనికి జీతముతో అవకాశ మీయవలెను.

భాష సంగతియు మరువరాదు. తెలుగుసహా భారతీయభాషలలో ఇంజనీరింగు బోధించుటకు 2021లో విద్యామండలి అనుమతించినది. ఆంగ్లము మానవలసిన పనిలేదు. లోకములో బ్రతుకుటకు అది కావలెను. కాని తాను కొలిచిన చెరువు లెక్కను ఆ చెరువుక్రింది రైతునకు తెలుగులో విప్పి చెప్పగలిగినప్పుడే విద్యార్థికి ఆ లెక్క అర్థమైనదని నమ్మవచ్చును. అర్థముకాని దానిని పరభాషలో అప్పజెప్పుట సులభము; మాతృభాషలో దాచుట కష్టము.

పాఠశాల ఉపాధ్యాయులు ఈ విషయము తమది కాదనుకొనరాదు. పదవతరగతిలో సూత్రమును కంఠస్థము చేయించినచో, కళాశాల దానికి నాలుగేండ్ల పొడిగింపే యగును. బడి వెనుక చెట్టు ఎత్తును నీడతో కొలిపించిన ఉపాధ్యాయుడు ఒక ఇంజనీరుకు పునాది వేసినవాడు.

విశ్వవిద్యాలయమును కోరవలసినది పెద్దది కాదు. సెమిస్టరుకు ఒక్క విషయమునందు, ఆ 70 మార్కులలో సగము విద్యార్థి స్వయముగా చేసిన పనికి కేటాయింపవలెను. ఆ పనిని పరీక్షాధికారి యెదుటను, దానితో సంబంధముగల రైతు, నేతగాడు లేక కార్మికుని యెదుటను అతడు నోట వివరింపవలెను. కొన్న ప్రాజెక్టు ఆ రెండవవాని ప్రశ్నకు నిలువజాలదు.