చెరువుకి నీళ్లు పెట్టేలోగా...

మా తోడల్లుడు ఏలూరులో ఉంటాడు. మొన్న వేసవిలో ఓ శనివారం రాత్రి ఫోన్ చేసి, "అన్నయ్యగారూ, రేపు సాయంత్రం చెరువులో ఫుట్‌బాల్ మ్యాచ్ ఉంది, వస్తారా?" అన్నాడు.

చెరువు గట్టున కాబోలు అనుకున్నాను. "గట్టున కాదండి, చెరువులోనే. కప్పు మ్యాచ్. ఈసారి తప్పితే మళ్లీ చూడలేరు, మంగళవారం నీళ్లు పెట్టేస్తున్నారు" అన్నాడు.

కొల్లేరు వైపు సంగతులు తెలియనివాళ్లకి ఒక ముక్క చెప్పాలి. చేపలు పట్టేశాక చెరువు తోడేసి అడుగు ఎండగడతారు. బాగా ఎండి బీటలు తీశాక సున్నం చల్లి, మళ్లీ నీళ్లు పెట్టి పిల్ల వదుల్తారు. ఎండగట్టడానికీ నీళ్లు పెట్టడానికీ మధ్య దొరికే ఆ కాసిని రోజులే లంక ఊళ్ల కుర్రాళ్లకి ఫుట్‌బాల్ సీజను. మిగతా ఏడాదంతా ఆడదామంటే నేలేదీ? ఊరి చుట్టూ నీళ్లు, నీళ్ల చుట్టూ గట్లు, గట్ల మీద లారీలు.

ఆదివారం మధ్యాహ్నం తాడేపల్లిగూడెంలో ప్యాసింజరెక్కాను. పుల్ల, భీమడోలు, దెందులూరు దాటి ఏలూరులో దిగేసరికి మా తోడల్లుడు స్టేషన్ బయట బండి మీద సిద్ధంగా ఉన్నాడు. కైకలూరు రోడ్డు పట్టుకుని, కొంతదూరం పోయాక ఓ గట్టు మీదికి తిరిగాం. రెండు పక్కలా చెరువులు, నీటికాకులు, తవుడు వాసన. అలా పోగాపోగా ఒక చెరువు దగ్గర మాత్రం నీళ్లకి బదులు జనం కనిపించారు.

ఊరి పేరు రాయొద్దని ఆ చెరువు రైతుగారు ముందే నా దగ్గర మాట తీసుకున్నారు. ఎందుకో కొల్లేరు వాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. 1999లో కొల్లేరుని ప్లస్ ఐదో కాంటూరు దాకా అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రాంసర్ జాబితాలోకి ఎక్కింది. 2006లో 'ఆపరేషన్ కొల్లేరు' అని కాంటూరు లోపలి చెరువుల గట్లు కొట్టేశారు. ఎవరి చెరువు గీతకి ఇవతల, ఎవరిది అవతల అన్నది అక్కడ కులాసాగా మాట్లాడుకునే విషయం కాదు. నేనూ అడగలేదు. ఆ రోజు నేను చూసినవి సున్నం గీతలు మాత్రమే.

అవును, చెరువులో చల్లడానికి తెచ్చిన సున్నంతోనే గ్రౌండుకి గీతలు గీశారు. మేత సంచులు వేలాడదీసే సరుగుడు కర్రలే గోలు స్తంభాలు. పైన అడ్డంగా వెదురు బొంగు, నైలాన్ తాడుతో కట్టింది. వెనకాల చిరిగిన చేపల వల. నాలుగు పక్కలా ఏటవాలు గట్లు కదా, ఎక్కడ కూచున్నా ఆట బ్రహ్మాండంగా కనపడుతుంది. టిక్కెట్టు లేదు. ఓ పక్కన ఐస్ పెట్టెలో సోడాలు, ఇంకో పక్కన మరమరాల మిక్చరు. ఆడవాళ్లు ఒక గట్టంతా ఆక్రమించేశారు.

టోర్నమెంటు చిన్నది. ఎనిమిది జట్లు, ఓడితే ఇంటికే. అసలీ మ్యాచ్ ఏలూరులోనే జరగాలట. అనుకున్న గ్రౌండు ఆ వారం వేరే పనికి ఇచ్చేశారు. "మా చెరువు ఎండింది, వచ్చేయండి" అని లంక కుర్రాళ్లు కబురు పెట్టారు. గెలిచినవాళ్లు ఏలూరు అల్లూరి సీతారామరాజు స్టేడియంలో సెమీఫైనల్ ఆడతారు.

పట్నం జట్టుకి అది మామూలు విషయమే. లంక జట్టుకి కాదు. ఆ పదకొండుమందిలో ఒక్కడు కూడా పుట్టి బుద్ధెరిగాక గడ్డి ఉన్న గ్రౌండు మీద ఆడలేదట. జట్టులో ఇద్దరు డిగ్రీ చదువుతున్నారు, నలుగురు చేపల ప్యాకింగ్‌లో ఐస్ కొడతారు, ఒకడు ట్రాక్టరు డ్రైవరు. గోల్‌కీపరు ఆ పక్క చెరువు మీదే కాపలా ఉంటాడు. మోచేతులకి పాత గుడ్డలు చుట్టుకున్నాడు. ఎందుకయ్యా అంటే, "బీటల మీద దూకితే తోలు లేచిపోద్దండి" అన్నాడు. రైతుగారు గట్టు మీంచే కేకేశారు: "ఒరే, ఓడిపోయినా ఫర్వాలేదు గానీ చెయ్యి విరగ్గొట్టుకోకు. పొద్దున్నే మేత వెయ్యాలి!" "ఆయ్, అలాగేనండి" అని వీడు గోల్లోకి పోయాడు.

నాలుగున్నరకి డ్రిల్లు మాస్టారు విజిలేశారు. పట్నం కుర్రాళ్లది పద్ధతైన ఆట. చక్కటి జెర్సీలు, బూట్లు, పొట్టి పొట్టి పాసులు. కానీ నల్లమట్టి పాసుల మాట వినదు. ఎటు పొమ్మంటే అటు పోకుండా బంతి బీట అంచుకి తగిలి ఎగురుతుంది. లంక కుర్రాళ్లకి ఆ సంగతి తెలుసు గనక నేల మీద పెట్టకుండా గాల్లోనే ఆడుతున్నారు. తీరా చూస్తే మొదటి గోలు పడింది వాళ్లకే. పట్నం కుర్రాడు మెల్లిగా కొట్టిన బంతి కీపరు ముందు బీటకి తగిలి, వాడి భుజం మీంచి వలలో పడింది. సొంత నేలే మోసం చేసింది.

ఇంగ్లండులో ఎఫ్ఏ కప్పని ఉంది. 1871లో మొదలైంది. పేరున్న క్లబ్బులతోబాటు లీగులో చోటు లేని ఊళ్ల జట్లు కూడా అందులో ఆడొచ్చు. చీటీ తీస్తే ఎవరికి ఎవరు పడతారో తెలీదు. 1972 ఫిబ్రవరి 5న హియర్‌ఫర్డ్ అనే చిన్న ఊరి జట్టు తన బురద గ్రౌండులో న్యూకాజిల్ అంతటి జట్టుని 2-1తో ఓడించింది. ఒక గోలు వెనకబడి ఉండగా, రాన్నీ రాడ్‌ఫర్డ్ అనే ఆటగాడు ఎక్కడో దూరం నుంచి కొట్టిన గోలుని అక్కడివాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. జనం గ్రౌండులోకి ఉరికేశారు.

ఇక్కడ కూడా అదే జరిగింది. ఇంకో పది నిమిషాల్లో ఆట అయిపోతుందనగా ఐస్ కొట్టే కుర్రాడొకడు సగం గ్రౌండు నుంచి బంతిని లేపాడు. అది నేరుగా పోయి వలలో పడింది. ఒకటీ ఒకటీ. ముందు ఆడవాళ్ల గట్టు లేచింది. పిల్లలంతా జారుడుబల్ల మీంచి జారినట్టు గట్టు మీంచి చెరువులోకి జారిపోయారు. వాళ్లని పైకి తోలడానికి మాస్టారికి అయిదు నిమిషాలు పట్టింది.

సమం అయింది. మళ్లీ ఇంకోరోజు ఆడిద్దామంటే కుదరదు. ఎఫ్ఏ కప్పులో పెద్ద క్లబ్బులకి తీరిక లేదని 2024-25 నుంచి అసలు రౌండ్లలో రీప్లేలు ఎత్తేశారు. ఇక్కడ మంగళవారం నీళ్లు వస్తాయి. కాబట్టి పెనాల్టీలే.

కీపరు ఒకటి ఆపాడు. నాలుగూ మూడూ దగ్గర పట్నం వాళ్లవి అయిపోయాయి. లంక వాళ్లకి ఆఖరిది మిగిలింది. వేస్తే సమం, పోతే ఇంటికి. కొట్టడానికి కీపరే వచ్చాడు. గట్టిగా కొట్టాడు. బంతి వెదురు బొంగుకి తగిలింది, తాడు జారింది, బొంగు కింద పడింది, బంతి బయటికి పోయింది.

"గోల్!" అని ఊరంతా అరిచింది. బొంగు కట్టు సరిగ్గా ఉంటే లోపలే పడేదని ఒకరు, బొంగు పడ్డాక అది లెక్కలోకే రాదని ఒకరు. ఇద్దరు ముగ్గురు మాస్టారి మీదికి పోయారు. మాస్టారు బొంగు చేత్తో పట్టుకుని, తల అడ్డంగా ఊపారు. పట్నం పిల్లలు బిక్కచచ్చి ఒక మూలకి చేరారు. వాళ్లు తిరిగి వెళ్లాల్సింది మా అందరి మధ్య నుంచే.

అప్పుడు రైతుగారు లేచారు. చెరువు ఆయనది, సున్నం ఆయనది, బొంగూ ఆయనదే. ఆయనేమంటే అదే ఖాయం. అందరూ ఆగి చూస్తున్నారు.

"కొట్టినోడిని అడగండెహె" అన్నారాయన.

కీపరు తల దించుకుని, "తగిలి బయటికే పోయిందండి" అన్నాడు.

"అయితే మాస్టారు చెప్పిందే మాట" అని ఆయన తువ్వాలు దులుపుకున్నారు. గొడవ అక్కడితో సరి.

నాకు ఆ ఒక్క క్షణం కోసం వచ్చినందుకు సరిపోయిందనిపించింది. గెలిస్తే గడ్డి మీద ఆడే అవకాశం. జన్మలో మళ్లీ వస్తుందో రాదో తెలీదు. అబద్ధం ఆడితే చెల్లే చోటు. అయినా ఆడలేదు.

నేను పుట్టి పెరిగిన గూడెంలో రెండో ప్రపంచయుద్ధం నాటి విమానాల రన్‌వే ఉండేది. చిన్నప్పుడు అదే మా స్టేడియం. ఇప్పుడు ఆ చుట్టుపక్కల భవనాలు లేచాయి. మంచిదే, ఊరు పెరగాలి. కానీ అప్పట్లో మాకు ఎవర్నీ అడక్కుండా పరిగెత్తే నేల దొరికింది. ఈ పిల్లలకి దొరకడం లేదు. ఫుట్‌బాల్ గ్రౌండుకి 105 మీటర్ల పొడవు, 68 మీటర్ల వెడల్పు కావాలి. లెక్కేస్తే ఎకరం ముప్పావు. పదుల ఎకరాల చెరువులున్న చోట అది పెద్ద కోరికా?

మన తెలుగు నేల మీద ఈ ఆట లేక కాదు. హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. ఆ జట్టుని తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం బడిపంతులుగా పనిచేసినవాడు. 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకం తెచ్చిన భారతజట్టుకి ఆయనే కోచ్. అందులో ఆడిన తులసీదాస్ బలరాం సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడ కుర్రాడు. ఓ పంతులు, ఓ మైదానం ఉంటే ఏమవుతుందో మనకి తెలియంది కాదు. లంకల్లో పంతుళ్లున్నారు. కాస్త మెరక చేసిన నేల, ఎవరూ నీళ్లు పెట్టని నేల, మూడు నాలుగు ఊళ్లకి కలిపి ఒకటి ఉన్నా చాలు.

పోయేముందు పట్నం జట్టు కెప్టెన్ వచ్చి, "అన్నా, ఓ రోజు మా వైపు రండి, గడ్డి మీద ఊరికే ఆడుకుందాం" అన్నాడు. మాటవరసకి అన్నాడేమో అనుకున్నాను. మూడు వారాలకి మా తోడల్లుడు ఫోన్ చేశాడు. నిజంగానే పిలిచారట. ఓ ఆదివారం తెల్లవారుజామున, మేత పని ఇంకొకరికి అప్పజెప్పి, పదకొండుమందీ ట్రక్కు ఆటోలో వెళ్లి ఆడొచ్చారట.

"ఎవరు గెలిచారు?" అన్నాను.

"అడగలేదండి. కీపరు మాత్రం కనపడ్డాడు. మోచేతులకి గుడ్డలు లేవు. 'గడ్డి మీద ఎన్నిసార్లు దూకినా దెబ్బ తగల్లేదండి' అని ఒకటే సంబరం."

చెరువుకి మాత్రం అనుకున్న మంగళవారమే నీళ్లు పెట్టేశారు. గోలు స్తంభాలు పీకలేదట. ఇప్పుడు వాటికి మేత సంచులు వేలాడుతున్నాయి.