సింగిల్స్ పోతే డబుల్స్ లేదా?



మన హాస్టల్లో రింగు ఆట ఆడని ఆడపిల్ల లేదు. టెన్నిస్ కూడా నెట్టుకు రెండు పక్కలా నిలబడి ఆడేదే. రింగు బదులు బంతి, చేతిలో రాకెట్. ఒక్కొక్కరే ఆడితే సింగిల్స్, ఇద్దరిద్దరు ఆడితే డబుల్స్.

హైదరాబాదులో పెరిగిన సానియా మీర్జా ఆరేళ్లకే రాకెట్ పట్టింది. 2005లో హైదరాబాదులోనే డబ్ల్యూటీఏ సింగిల్స్ టైటిల్ గెలిచింది. మన దేశపు ఆడవాళ్లలో అట్లా గెలిచింది ఆమే మొదలు. 2007లో ప్రపంచంలో 27వ ర్యాంకు దాకా పోయింది. ఆ ఆటలో మోకాళ్లకూ మణికట్టుకూ ఆపరేషన్లు అయ్యాయి. 2013లో సింగిల్స్ మానేసింది.

అంతటితో ఆమె పని అయిపోలేదు. డబుల్స్ మీదే మనసు పెట్టి 2015 ఏప్రిల్లో ప్రపంచంలో నంబర్ వన్ అయింది. మార్టినా హింగిస్‌తో కలిసి ఆ సంవత్సరమే వింబుల్డన్, యూఎస్ ఓపెన్, 2016లో ఆస్ట్రేలియన్ ఓపెన్ గెలిచింది. మిక్స్‌డ్ డబుల్స్‌వి మూడు కలిపితే మొత్తం ఆరు గ్రాండ్‌స్లామ్‌లు. 2018లో బిడ్డ పుట్టాక కూడా 2020లో హోబార్ట్‌లో గెలిచింది. 2023లో ఆట విరమించింది.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, నా పక్కన కూర్చునే పిల్ల లెక్కల్లో తప్పింది. సంక్రాంతికి ఇంటికి పోయి మళ్లీ రాలేదు. రొయ్యల గుంటల పనికి పోతా ఉందంట. "దానికి చదువు రాదులే" అన్నారు కొందరు. నేనూ నోరు మూసుకుని ఉన్నాను. ఆ పిల్లకు తెలుగు పద్యాలు నాకన్నా బాగా వచ్చు. నాకు లెక్కలు వచ్చు. ఇద్దరం కలిసి చదివి ఉంటే?

సానియాకు కోచ్‌లు, డాక్టర్లు ఉన్నారు, మనకేముంది అంటారు. నిజమే. కానీ మనకు పక్కన మనిషి ఉంది గదా! మా నాయన వాళ్లు కాలవలో వల లాగేటప్పుడు చెరొక కొస పట్టుకుంటారు. ఒక్కరే లాగితే చేపలు పక్కనుంచి పోతాయి.

సార్, రాత్రి స్టడీ అవర్లో ఒక సబ్జెక్టు వచ్చినవాళ్లనూ రానివాళ్లనూ జంటగా కూర్చోబెట్టండి. కబుర్లు చెప్పుకుంటారని అనుమానమైతే వారం చూసి స్లిప్ టెస్టు పెట్టండి. ఆ పిల్ల ఇంటికి కబురు పంపండి. నా పక్క చోటు ఇంకా ఖాళీగానే ఉంది.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని