పేరు మాది, పాత్ర మీది

కొత్త సిరీస్ ఏది మొదలైనా మేం ముందు కథ చూడం. పేర్లు చూస్తాం. అహ్మద్ ఎవడు, సయ్యద్ ఎవడు, బేగం ఎవరు అని వెతుక్కుంటాం. వాడు మొదటి ఎపిసోడ్‌లో నమాజు చేస్తున్నాడా? ఫోన్‌లో గొంతు తగ్గించి మాట్లాడుతున్నాడా? అటు వెళ్తున్న బుర్ఖాలో నిజంగా ఆడమనిషే ఉందా, లేక ఎవడైనా తుపాకీ దాచుకున్నాడా? మిగతా దేశం కాలక్షేపానికి చూసేదాన్ని మేం పరీక్ష ఫలితాల కోసం ఎదురుచూసినట్టు చూస్తాం. ఎందుకంటే తెల్లారితే ఆఫీసులో, కాలేజీలో, కిరాయి ఇంటి కోసం తిరిగే గల్లీలో ఆ ఫలితాన్ని మోయాల్సింది మేమే.

ఈమధ్య అలాంటి సిరీస్‌లు కొన్ని వరసగా చూశాం. నటన గురించి, కెమెరా గురించి, పెట్టిన ఖర్చు గురించి చెప్పడానికి చాలామంది ఉన్నారు. మాకు ఒక్కటే ప్రశ్న. కథ అల్లేవాడికి పూర్తి స్వేచ్ఛ ఉన్నచోట, మా పేరు తీసుకెళ్ళి ఎవడికి తగిలిస్తున్నాడు?

ముందు 'రాకెట్ బాయ్స్' సంగతి చూద్దాం. 2022లో వచ్చింది. హోమీ భాభా, విక్రం సారాభాయ్‌ల కథ. చూడ్డానికి ముచ్చటగా ఉంది. అందులో భాభాకు కుళ్ళుబోతు ప్రత్యర్థి ఒకడున్నాడు. కలకత్తా శాస్త్రవేత్త. పేరు రజా మెహదీ. చరిత్ర అంతా తిరగేయండి, ఈ పేరుగల శాస్త్రవేత్త మీకు దొరకడు. అది కల్పిత పాత్ర. మరి ఆ రోజుల్లో అణుశక్తి విధానం మీద భాభాతో, నెహ్రూతో నిజంగా విభేదించిన కలకత్తా శాస్త్రవేత్త ఎవరు? మేఘనాద్ సాహా. 1952లో లోక్‌సభకు గెలిచినవాడు. నక్షత్రాల ఉష్ణోగ్రతను లెక్కగట్టే సూత్రం ప్రపంచానికిచ్చినవాడు. పేద ఇంట పుట్టి, హాస్టల్లో కులవివక్ష అనుభవించి పైకొచ్చినవాడు. సిరీస్ చూసిన విమర్శకులు చాలామంది మెహదీలో సాహా పోలికలు పట్టుకున్నారు. ఒకే దెబ్బకు రెండు పిట్టలు! కింది కులాల నుంచి వచ్చిన మహా శాస్త్రవేత్త తెర మీంచి మాయమయ్యాడు. ఆయన ఖాళీ చేసిన కుర్చీలో, అసూయ అంటగట్టి, ఒక ముసల్మాన్‌ని కూర్చోబెట్టారు.

'అందులో అబ్దుల్ కలాం కూడా ఉన్నాడు కదా, మంచివాడిగానే చూపించారు కదా' అంటారు మిత్రులు. చూపించారు. కలాం చరిత్ర ఇచ్చిన మనిషి. ఆయన పేరు మార్చడం ఎవరి తరమూ కాదు. మెహదీ మాత్రం ఊహలోంచి వచ్చినవాడు. ఊహకు అడ్డేముంది? ఆ పాత్రకు ఏ పేరైనా పెట్టొచ్చు. ఎవరూ చెయ్యి పట్టుకోనప్పుడు కలం ఎటు జారిందో చూస్తేనే కదా రాసేవాడి మనసు తెలిసేది!

ఇక రెండో సంగతి. 2024 ఆగస్టులో 'ఐసీ 814' కాందహార్ హైజాక్ సిరీస్ వచ్చింది. 1999 డిసెంబర్ 24న ఖాట్మండూ నుంచి ఢిల్లీకి వస్తున్న విమానాన్ని ఐదుగురు హైజాక్ చేశారు. విమానంలో వాళ్ళు ఒకరినొకరు మారుపేర్లతో పిలుచుకున్నారు. చీఫ్, డాక్టర్, బర్గర్, భోలా, శంకర్. ఇది తీసినవాళ్ళ కల్పన కాదు. 2000 జనవరి 6న కేంద్ర హోంశాఖ విడుదల చేసిన ప్రకటనలోనే ఉంది. అయినా దేశం అట్టుడికింది. భోలా, శంకర్ అనే పేర్లు ఉగ్రవాదులకా అని గగ్గోలు. సమాచార ప్రసారాల శాఖ నెట్‌ఫ్లిక్స్ అధికారిని పిలిపించింది. చివరికి సిరీస్ మొదట్లో వేసే గమనికలో హైజాకర్ల అసలు పేర్లు, మారుపేర్లు రెండూ చేర్చారు.

మాకు ఆ హంతకుల మీద జాలి లేదు. వాళ్ళ పేర్లు వేయండి. పెద్ద అక్షరాలతో వేయండి. మేం అడిగేది వేరే. నిజమైన నేరస్థుడు నిజంగా వాడిన మారుపేరు రెండు, మూడు రోజులు తెర మీద మోగితే మీ మనసు అంత గాయపడిందే! లేని మనిషిని పుట్టించి, వాడికి మా పేరు పెట్టి, వాడి చేత కుళ్ళు కక్కించినప్పుడు మా మనసు ఏమై ఉంటుంది? అప్పుడు ఏ శాఖ ఎవర్ని పిలిపించింది? ఏ గమనిక చేర్చారు?

గమనికలంటే గుర్తొచ్చింది. 1990లో దూరదర్శన్‌లో 'టిప్పు సుల్తాన్ ఖడ్గం' వచ్చింది. భగవాన్ గిద్వానీ నవల ఆధారంగా సంజయ్ ఖాన్ తీసిన సీరియల్. అది తెర మీదికి రాకముందే గొడవలు, కోర్టులు. చివరికి ఇది కల్పిత కథ అనే గమనిక తగిలించాకే ప్రసారం. బ్రిటిషువాళ్ళతో పోరాడి 1799లో శ్రీరంగపట్నంలో ప్రాణమిచ్చినవాడు తెర మీద హీరో అయితే, 'ఇది నిజమని నమ్మకండి' అని చెప్పాలి. విలన్ అయితే ఆ జాగ్రత్త ఎవరికీ గుర్తురాదు. ముప్ఫై ఏళ్ళలో టీవీ పెట్టె గోడకు అతుక్కుంది, జేబులోకి దూరింది. గమనిక వేసే తెలివి మాత్రం అక్కడే ఆగిపోయింది.

ఇప్పుడు మనవాళ్ళ దగ్గరికి వద్దాం. 'ది ఫ్యామిలీ మ్యాన్' తీసిన రాజ్, డీకే ఇద్దరూ తిరుపతి, చిత్తూరు ప్రాంతం తెలుగువాళ్ళు. 2025 నవంబర్‌లో మూడో భాగం వచ్చినప్పుడు మేం 2019 నాటి మొదటి భాగం మళ్ళీ చూశాం. అందులో కరీం అనే కాలేజీ కుర్రాడున్నాడు. ఉగ్రవాది అనుకుని వెంటపడి కాల్చేస్తారు. వాడు బాంబు పెట్టబోలేదని తర్వాత తెలుస్తుంది. ఇంత మాట ధైర్యంగా చెప్పినందుకు మెచ్చుకోవాలి. కానీ అదే కథలో మూసా ఉన్నాడు. కేరళ కుర్రాడు. మెత్తగా మాట్లాడతాడు, అమ్మ కోసం బెంగపడతాడు, మనం వాణ్ణి నమ్ముతాం, హీరో కూడా నమ్ముతాడు. తీరా చూస్తే అసలు సూత్రధారి వాడే.

ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూడండి. కరీంని అనుమానించడం తప్పని చెప్పిన కథ, మూసాని నమ్మడం అంతకంటే పెద్ద తప్పని చెబుతోంది. కరీం కొన్ని ఎపిసోడ్లకే పోతాడు. మూసా చివరిదాకా ఉంటాడు. చూసినవాడి మనసులో మిగిలేది ఎవరు? గడ్డం ఉన్నవాణ్ణి అనుమానించమని పాత సినిమాలు చెప్పాయి. గడ్డం లేకుండా, చదువుకుని, నవ్వుతూ పలకరించేవాణ్ణి ఇంకా ఎక్కువ అనుమానించమని కొత్త సిరీస్‌లు చెబుతున్నాయి. ఇక మా పిల్లలు ఎట్లా ఉండాలి? చదవకపోతే ఛాందసులు, చదివితే స్లీపర్ సెల్!

ఇది ఉత్త మనస్తాపం కాదు. హైదరాబాదులో ఆ అనుమానానికి లెక్క కట్టిన కాగితాలే ఉన్నాయి. 2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలింది. నమాజుకి వచ్చినవాళ్ళు చచ్చిపోయారు. ఆ తర్వాత పోలీసులు పట్టుకెళ్ళింది పాతబస్తీ పోరగాళ్ళనే. కొట్టారు, కేసులు పెట్టారు. కోర్టుల్లో ఆ కేసులు నిలవలేదు. 2012 మొదట్లో ప్రభుత్వమే వాళ్ళలో చాలామందికి పరిహారం ఇచ్చింది, మంచివాళ్ళని సర్టిఫికెట్లు కూడా ఇచ్చింది. 2013లో హైకోర్టు ఆ పరిహారం చెల్లదంది. తర్వాత దర్యాప్తు వేరే వైపు మళ్ళింది, హిందూత్వ గుంపులకు చెందినవాళ్ళ మీద కేసు పెట్టారు. 2018 ఏప్రిల్‌లో ఆ ఐదుగురినీ కూడా కోర్టు వదిలేసింది. మసీదులో మనుషులు చచ్చారు, చంపినవాడు మాత్రం ఎవడూ లేడు. సస్పెన్స్ కావాలా? ఇంతకంటే పెద్ద సస్పెన్స్ ఏముంది? పది ఎపిసోడ్లకు సరిపోయే కథ చార్మినార్ పక్కనే పడి ఉంది. మేం చూసినవాటిలో ఒక్కదాంట్లోనూ అది కనపడలేదు.

బాంబు లేని చోట మేమెట్లా కనపడతాం? 2024లో 'హీరామండీ' చూశాం. లాహోరు నవాబులు, వేశ్యలు, జరీ, అద్దాలు, షాండ్లియర్లు. కళ్ళు చెదిరాయి. మా ఇళ్ళలో ఆ షాండ్లియర్లు లేవు. మాది దూదేకినవాళ్ళ ఖౌమ్. నిజామాబాదులో బీడీలు చుట్టే చేతులు మావి. పంక్చర్ షాపు, పండ్ల బండి, మిషన్ కుట్టు మావి. కోస్తాలో, సీమలో ఇంట్లో తెలుగే మాట్లాడుకునే సాయిబులు ఎంతమంది లేరు! వీళ్ళెవరూ తెరకి పనికిరారు. వీళ్ళ దగ్గర ముజ్రా లేదు, ఆర్డీఎక్స్ లేదు.

తీయలేక కాదు. 2022లో వచ్చిన 'మోడరన్ లవ్ హైదరాబాద్'లో నగేశ్ కుకునూర్ కథ ఒకటుంది. తల్లి మెహరున్నిసా, కూతురు నూరీ. కూతురి పెళ్ళి దగ్గర ఇద్దరికీ మాటలు తెగాయి. కూతురికి మోకాలి ఆపరేషన్ అయితే తల్లి వస్తుంది, లాక్‌డౌన్‌లో చిక్కుకుంటుంది. వంటగదిలో అలకలు, మసాలా వాసనలు, మళ్ళీ మాటలు. అంతే కథ. పోలీసు లేడు, దేశభక్తి పరీక్ష లేదు. దాన్ని చూసి ఎవరికీ ఏ నష్టమూ కలగలేదు. అమ్మీలు, బేటీలు కూడా అందరిలాగే పోట్లాడుకుంటారని కొన్ని ఇళ్ళల్లో తెలిసింది. అట్లాంటివి నూటికొకటి ఎందుకు రావాలి?

'మీలో ఉగ్రవాదులు లేరా' అని అడిగేవాళ్ళు అడుగుతూనే ఉంటారు. ఉన్నారు. దొంగలు, తాగుబోతులు, పెళ్ళాన్ని కొట్టేవాళ్ళు కూడా ఉన్నారు. వాళ్ళ కథలూ తీయండి. మాకు దేవుళ్ళ పాత్రలు అక్కర్లేదు. మంచి ముసల్మాన్ అంటే దేశం కోసం మూడో ఎపిసోడ్‌లో చచ్చిపోయే ఇన్‌స్పెక్టర్ అనే భిక్ష కూడా అక్కర్లేదు. మీ రమేశ్ చెడ్డవాడైతే రమేశ్ ఒక్కడే చెడ్డవాడు. మా రహీం చెడ్డవాడైతే బస్తీ మొత్తం జవాబు చెప్పాల్సొస్తోంది. ఆ తేడా పోవాలి.

సెక్యులర్ మిత్రులారా, సిరీస్ బాగుందని మీరు రాసే సమీక్షల్లో ఈ తేడా గురించి ఒక్క వాక్యం కనపడదే? కళను కళగా చూడాలంటారు. మేమూ అట్లాగే చూడాలనుకుంటాం. మా పేరు తగిలినప్పుడల్లా ఆ వీలు ఉండటం లేదు.

ఒకప్పుడు 'మహాభారత్' సీరియల్‌కి మాటలు రాసింది రాహీ మాసూమ్ రజా. 1988 నుంచి 1990 దాకా ప్రతి ఆదివారం దేశం ఒక ముసల్మాన్ రాసిన మాటలు కృష్ణుడి నోట విని చేతులు జోడించింది. ఆ పేరు రచయితగా టైటిల్స్‌లో పడింది. ఇవాళ మా పేర్లు పడాల్సింది కూడా అక్కడే. మా కుర్రాళ్ళు, మా ఆడపిల్లలు కథలు రాస్తున్నారు, చిన్న కెమెరాలతో తీస్తున్నారు. వాళ్ళని రాసే గదిలోకి రానివ్వండి. సంప్రదింపుల కోసం కాదు, ఉర్దూ ఉచ్చారణ సరిదిద్దడానికి కాదు, కథ చెప్పడానికి. రానివ్వకపోతే మేం బయట కూర్చుని రాసుకుంటాం. కానీ అప్పటిదాకా ఊహలోంచి విలన్‌ని పుట్టించిన ప్రతివాడినీ ఇదే ప్రశ్న అడుగుతుంటాం: వాడికి మా పేరే ఎందుకు పెట్టావు?