కుక్కకు పెట్టే పేరు ఎవరి చరిత్రను పలుకుతున్నది?

ఇంటికి కుక్కపిల్లను తెచ్చుకొన్నవారు దానికి ఏ పేరు పెట్టాలా అని ఈ రోజుల్లో చరిత్ర పుస్తకాలు తిరగవేస్తున్నారు. పిల్ల ఇల్లు చేరిన తేదీన ఏ మహనీయుడు పుట్టాడో, ఏ యుద్ధం ముగిసిందో చూసి పేరు నిర్ణయించడం నగరాలలో ఒక వేడుక అయింది. ఆ వేడుకను నేను తప్పు పట్టను. ఆ వెదుకులాటలో మనకు దొరుకుతున్న పేర్లను మాత్రం తప్పు పట్టక తప్పదు. సీజర్, నీరో, నెపోలియన్, విన్‌స్టన్, బ్రూనో! రెండు వేల ఏళ్ల లిఖిత చరిత్ర ఉన్న జాతి తన వాకిట తోక ఊపే ప్రాణిని పిలవడానికి రోము నగరం దాకా ఎందుకు పోవలసి వచ్చింది?

ముంబయి వర్లి ప్రాంతంలోని బీడీడీ చాళ్లలో, పద్మశాలి కుటుంబాలు తరతరాలుగా నివసించే గదుల వరుసలలో, కామాఠిపురా సందులలో తిరిగేటప్పుడు నా చెవిన పడే కుక్కల పేర్లు ఇవే. వాటికి తోడు మోతీ, టైగర్, టామీ. అమ్మ కొడుకును తెలుగులో కేకవేస్తుంది. కొడుకు కుక్కను ఇంగ్లీషులో కేకవేస్తాడు. ‘కమ్, సిట్, నో’ అంటాడు. కుక్కకు ఏ భాషా పుట్టుకతో రాదు. ఏది నేర్పితే అది నేర్చుకొంటుంది. అయినా దానికి మన నుడి పనికిరాదని మనమే తీర్పు చెప్పివేశాం. ఆజ్ఞాపించే భాష ఇంగ్లీషు, అడుక్కొనే భాష తెలుగు అన్న బానిస భావన మన నోటిలో ఎంత లోతుగా నాటుకొన్నదో చూడదలచినవారు, తెలుగువాడు తన కుక్కతో మాట్లాడే తీరు చూస్తే చాలు.

‘కుక్క పేరు కూడా ఉద్యమమేనా?’

ఈ ప్రశ్న వస్తుందని నాకు తెలుసు. దీనికి ముంబయి చరిత్రే సమాధానం చెబుతున్నది. 1832 జూన్‌లో వీధి కుక్కలను చంపించే పోలీసుల చర్యకు వ్యతిరేకంగా ఆ నగరంలో పారశీకులు తిరగబడ్డారు. కోట ప్రాంతంలో దుకాణాలు మూతపడ్డాయి. బొంబాయి కుక్కల అల్లర్లని చరిత్రకారులు పిలిచే ఘటన అదే. పారశీకులు ఆనాడూ పిడికెడు మందే. వారి మతాచారంలో కుక్కకు పవిత్రస్థానం ఉన్నది కనుక, దానిమీద పడిన దెబ్బను తమ సంస్కృతిమీద పడిన దెబ్బగానే వారు గ్రహించారు. ‘కుక్కే కదా’ అని ఊరుకోలేదు. అల్పసంఖ్యాక సమాజం తన గుర్తులను చిన్నవి, పెద్దవి అని విడదీసి చిన్నవాటిని వదులుకొంటూ పోతే, చివరకు పెద్దవాటిని నిలబెట్టే అలవాటే పోతుంది.

మహారాష్ట్రలోనే మరొక ఉదాహరణ చూడండి. రాయగఢ్ కోటలో శివాజీ సమాధి చెంత ‘వాఘ్యా’ అనే కుక్కకు విగ్రహం ఉన్నది. ఇందూరు హోల్కర్ల ధనసహాయంతో 1936లో దానిని నిలిపారు. ఆ కుక్క కథకు చరిత్రలో ఆధారం లేదని, రాం గణేశ్ గడ్కరీ నాటకం ‘రాజసంన్యాస్’ నుంచి అది వ్యాపించిందని వాదించేవారు 2012లో విగ్రహాన్ని పెకలించారు. అధికారులు మళ్లీ నిలిపారు. 2025లో అదే వివాదం తిరిగి రేగింది. ఎవరి వాదం సరియైనదో తేల్చడం నా పని కాదు. ఒక కుక్క పేరు తమ చరిత్రలో భాగమా కాదా అని ఒక రాష్ట్రం ఇంతగా పట్టించుకొంటున్నది. మనం మాత్రం మన కుక్కకు నీరో అని పేరు పెట్టి ఊరుకొంటున్నాం.

పేరు మిగిలి అర్థం పోయిన చోటు

పేరు విలువ తెలియాలంటే కామాఠిపురాను మించిన పాఠం లేదు. హార్న్‌బీ వెల్లార్డ్ అనే కట్ట 1784 నాటికి పూర్తయి, వర్లి దగ్గర సముద్రపు గండి పూడింది. గండి పూడడంతో లోపలి పల్లపు నేలలు ఆరి, నివాసయోగ్యమయ్యాయి. ఆ నేలమీద స్థిరపడినవారిలో నిజాం రాజ్యపు తెలుగు జిల్లాల నుంచి కట్టడాల పనికి వచ్చిన కామాఠీలు ఉన్నారు. వారి పేరే ఆ పేటకు నిలిచింది. రాళ్లు మోసినవారిలోనుంచి గుత్తేదారులు, సమాజ నాయకులు ఎదిగారు. జోతీరావు ఫూలే 1873లో స్థాపించిన సత్యశోధక సమాజానికి బొంబాయిలో అండగా నిలిచినవారిలో రామయ్య వెంకయ్య అయ్యవారు, వ్యంకూ బాళాజీ కాళేవార్ వంటి తెలుగువారు ప్రముఖులు.

నేడు కామాఠిపురా అనగానే దేశానికి గుర్తుకు వచ్చేది ఏమిటో నేను రాయనక్కరలేదు. పేరు నిలిచింది, అందులోని మనిషి మాయమయ్యాడు. పేరు వెనుక చరిత్రను మనం చెప్పడం మానినప్పుడు, ఆ ఖాళీని లోకం తనకు తోచిన అర్థంతో నింపుకొన్నది.

చంద్రాపూర్, గడ్చిరోలి, నాందేడ్ ప్రాంతాలలో ‘వారు’ అనే మన గౌరవ వాచకం ‘వార్’గా మారి ఇంటిపేర్ల చివర మిగిలింది. ఆ ఇళ్లలో ఎన్నింటిలో ఇంకా తెలుగు పలుకుతున్నారు? నుడి పోయాక కూడా నిలిచేది పేరు. అందుకే పేరును తేలికగా తీసుకోరాదు.

పేరుగాంచిన కుక్కలు ఏ భాషలో పలికాయి?

1957 నవంబరు 3న రష్యావారు అంతరిక్షంలోకి పంపిన కుక్క పేరు లైకా. ఆ మాటకు రష్యన్‌లో ‘మొరిగేది’ అని అర్థం. టోక్యో షిబుయా స్టేషనులో చనిపోయిన యజమాని కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసి 1935లో మరణించిన హచికో పేరులోని ‘హచి’ అంటే జపనీయుల భాషలో ఎనిమిది. భూగోళాన్ని చుట్టిన పేరు, స్టేషను ముందు విగ్రహమైన పేరు, రెండూ వారి వారి ఇళ్లలో వాడుకొనే మామూలు మాటలే.

మన పొరుగున ఉన్న కన్నడనాడు ఇంకా ముందే ఈ పని చేసింది. మండ్య జిల్లా ఆతకూరులో క్రీ.శ. 949 నాటి వీరగల్లు దొరికింది. చోళులతో జరిగిన తక్కోలం యుద్ధాన్ని చెప్పే ఆ రాయిమీదే, అడవిపందితో పోరాడి మరణించిన ‘కాళి’ అనే వేటకుక్క కథ కూడా చెక్కి ఉన్నది. రాజుల యుద్ధానికి, కుక్క పోరాటానికి ఒకే శాసనం! వెయ్యేళ్లు దాటినా ఆ కుక్క పేరు మనం చదవగలుగుతున్నాం.

కుక్కకు మన మాట పేరుగా పెడితే భాషకు అవమానమని నొచ్చుకొనేవారు ఉన్నారు. స్వర్గద్వారం దాకా ధర్మరాజు వెంట నడిచింది కుక్కే. జేజూరి ఖండోబా, మన మల్లన్న ఇద్దరి చెంతా కుక్క ఉన్నది. తెలుగువారిని, మరాఠీలను కలిపే దైవం దగ్గర చోటు దొరికిన జీవికి తెలుగు నిఘంటువులో చోటు లేదనడం ఏమి న్యాయం?

దూషణ కోసం పేరు పెట్టరాదు

ఒక హద్దు మాత్రం మనమే గీసుకోవాలి. 1799 మే 4న శ్రీరంగపట్నంలో టిప్పు సుల్తాను మరణించాడు. ఆ తరువాత ఆంగ్లేయులు తమ కుక్కలకు ఆ పేరు పెట్టి దక్షిణాదిన వ్యాపింపజేశారని జనశ్రుతి. పల్లెలలో ‘టిప్పు’ అని కుక్కను పిలిచే రైతుకు ఆ రాజుమీద ఏ పగా లేదు. అది కుక్క పేరని మాత్రమే అతనికి తెలుసు. తాను పుట్టించని ద్వేషాన్ని తనకు తెలియకుండానే మోసే దుస్థితి ఇది.

కనుక మనుషుల పేర్లు కుక్కలకు వద్దు. శత్రువు పేరు పెడితే అది దూషణ. మహనీయుడి పేరు పెడితే, నీకు అది ప్రేమే అయినా, పొరుగువాడికి అవమానంగా తోచవచ్చు. పరభాషా రాష్ట్రంలో అల్పసంఖ్యాకులుగా బతికేవారికి ఈ జాగ్రత్త రెట్టింపు అవసరం. భాషా వర్గాల మధ్య వైరం రెచ్చగొట్టడం భారతీయ న్యాయ సంహిత 196వ సెక్షన్ కింద నేరం. పేరు ఒక్కటే నేరం కాకపోయినా, వాడలో గొడవకు అది మొదటి నిప్పురవ్వ కాగలదు. మన నుడిని నిలుపుకొనే హక్కును రాజ్యాంగం 29(1) అధికరణం మనకు ఇచ్చింది. పొరుగువారి పూజ్యులను నొప్పించే స్వేచ్ఛ ఆ హక్కులో భాగం కాదు.

తేదీని బట్టి పేరు: మన పంచాంగం మనకు ఉన్నది

మరి జయంతులు, చారిత్రక దినాలు చూసి పేరు పెట్టేదెట్లా? మనిషి పేరు వదిలి, ఆయన మాటనో పనినో తీసుకోండి.

ఆగస్టు 29 గిడుగు రామమూర్తి పుట్టినరోజు (1863). వాడుక భాష కోసం జీవితం ధారపోసినవాడాయన. ఆ నెలలో వచ్చిన పిల్లకు ‘పలుకు’ అని పేరు పెట్టండి. మొరిగే జీవికి అంతకన్న తగిన పేరేది? సెప్టెంబరు 9 కాళోజీ జయంతి (1914). అల్లరి పిల్ల అయితే ‘గొడవ’ అనండి. ‘నా గొడవ’ అనే కవితా సంపుటి ఎవరిదో ఇంటి పిల్లలు అడిగి తెలుసుకొంటారు. సెప్టెంబరు 21 గురజాడ జయంతి (1862). ‘ముత్యాల సరాలు’ తలచుకొని ‘ముత్యం’ అనండి. ముంబయి అంతటా వినిపించే ‘మోతీ’కి అర్థం కూడా అదే కదా! నవంబరు 10 సి.పి. బ్రౌన్ పుట్టినరోజు (1798). ఆ నాడు ఆయన తెలుగు నిఘంటువు తెరిచి ఇంటిల్లిపాదీ ఒక మాట ఏరండి. కుక్కకు పేరు దొరకడంతో పాటు ఒక పూట నిఘంటువు చదివినట్లూ అవుతుంది.

వర్లివారికి తమ చరిత్రే చాలు. సముద్రాన్ని ఆపిన కట్టను తలచి ‘గట్టు’ అనవచ్చు. 1982 జనవరి 18న మొదలైన బట్టల మిల్లుల సమ్మెలో సుమారు రెండున్నర లక్షల మంది కార్మికులు పని మానారు. ఆ దెబ్బకు ఎన్నో కుటుంబాల బతుకు తలకిందులైంది. నేతవారి ఇంటి కుక్కకు ‘నాడె’ అని పేరు పెడితే, మగ్గంమీద అటూ ఇటూ పరుగెత్తే ఆ పనిముట్టు ఏమిటో మనుమడికి చెప్పే అవకాశం తాతకు దొరుకుతుంది.

తెలుగు అజంత భాష. మన మాటలు అచ్చుతో ముగుస్తాయి. ఎంత దూరమైనా సాగదీసి పిలవవచ్చు. ‘సీజర్’ను కూడా మనవారు చివరకు ‘సీజరూ’ అనే పిలుస్తున్నారు! రా, ఆగు, తే, పో, వద్దు, కూర్చో: ఆజ్ఞలుగా ఇంతకన్న పొట్టి మాటలు ఏ భాషలో ఉన్నాయి? హంగరీలోని శాస్త్రవేత్తలు 18 కుక్కల మెదడును స్కాన్ చేసి 2022లో ప్రచురించిన పరిశోధనలో, కుక్క మెదడు తాను ఇంట్లో వినే భాషకు, ఎరుగని భాషకు వేరువేరుగా స్పందిస్తున్నదని తేలింది. ఇంటి భాష ఏదో కుక్క గుర్తుపడుతున్నది. గుర్తుపట్టనిది మనమే.

సరిహద్దు జిల్లాల కుటుంబాలకు

హోసూరు, కోలారు, బళ్లారి, రాయగడ, సిరొంచలలో ఉన్న సోదర సోదరీమణులారా! వర్లి మీకు దూరమని అనుకోకండి. 2006 నాటి తమిళ అభ్యసన చట్టం తరువాత హోసూరు తెలుగు పిల్లలకు బడిలో ఎదురైన చిక్కులు మీకు తెలుసు. ముంబయి నగరపాలక సంస్థ బడులలో తెలుగు మాధ్యమం ఉన్నా, చేరే పిల్లలు తగ్గుతూ వచ్చారు. 160 చదరపు అడుగుల చాళ్ల గదుల స్థానంలో 500 అడుగుల ఇళ్లు వస్తున్నాయి. 2025 ఆగస్టులో వర్లిలో మొదటి 556 కుటుంబాలకు తాళాలు అందాయి. ఇల్లు పెద్దదవడం సంతోషమే. కాని వరండాలో ఒకరి మాట ఒకరికి వినిపించే చాళ్ల బతుకు పోయి తలుపులు మూసుకొనే బతుకు వస్తున్నది. బయట వినిపించే తెలుగు ఇంకా తగ్గుతుంది.

బడిలో తెలుగు కోసం 350ఏ అధికరణం పట్టుకొని ప్రభుత్వాలతో పోరాడుదాం; ఆ పోరాటం ఆగదు. దానికి సర్కారు అనుమతి కావాలి, ఉపాధ్యాయుడు కావాలి, ఏళ్లు కావాలి. కుక్కకు తెలుగు పేరు పెట్టడానికి ఎవరి అనుమతి కావాలి? రోజుకు పదిసార్లు మన పిల్లలు వీధిలో, నలుగురూ వినేట్లు, సిగ్గుపడకుండా ఒక తెలుగు మాటను కేకవేయడం చిన్న సంగతి కాదు. నలుగురిలో తెలుగు పలకడానికి జంకే అలవాటు మొదట అక్కడ వదులుతుంది.

కుక్కతో తెలుగే మాట్లాడండి. రేబీస్ టీకా పుస్తకంలో దాని పేరు తెలుగు లిపిలో కూడా రాయండి. రాయడం మీ పిల్లలచేత చేయించండి. ఆ పేరు ఎందుకు పెట్టారో అడిగినవారికి చెప్పండి, మరాఠీవారు అడిగితే మరాఠీలోనే చెప్పండి. వారి భాషను గౌరవించేవాడే తన భాషకు గౌరవం అడగగలడు.

పాలకులు ఇవ్వవలసిన హక్కులు చాలా ఉన్నాయి, వాటికోసం అడుగుతూనే ఉందాం. ఎవరూ లాక్కోని హక్కును కూడా మనంతట మనమే వదులుకొంటే, ఇక ఏ న్యాయస్థానంలో వాదించగలం?