రెండు బలులు



వీడియో గేముల మాటెత్తితే పెద్దలము మొహం చిట్లిస్తాము. మేమూ అట్టివారమే. అయితే ఇటీవల మా సంఘ యౌవనస్థుడొకడు తనకిష్టమైన ఒక పాత ఆట కథ చెప్పగా, ఆ రాత్రి మాకు తొందరగా నిద్ర పట్టలేదు. దానినే ఈ నెల మీ ముందుంచుచున్నాము.

ఆట పేరు ‘ఫైనల్ ఫాంటసీ 4’. జపాను దేశపు స్క్వేర్ కంపెనీ 1991లో విడుదల చేసింది. అందులో టెల్లా అను ఒక వృద్ధ మాంత్రికుడున్నాడు. అతని కుమార్తె ఆన్నా తండ్రి మాట కాదని ఎడ్వర్డ్ అనే రాకుమారునితో వెళ్లిపోయింది. గోల్బెజ్ అనే దుష్టుని సేన ఆ రాజ్యంపై విరుచుకుపడిన దినాన, ఎడ్వర్డుకు తన దేహాన్ని అడ్డుపెట్టి ఆమె బాణాలకు బలియైనది. ఆనాటి నుండి ముసలివానికి పగ తప్ప వేరొక ఆలోచన లేదు. ఉల్కలు కురిపించే ‘మెటియో’ అనే మంత్రాన్ని వెదకి సంపాదించుకొన్నాడు.

అయితే ఆ మంత్రానికి 99 పాళ్ల శక్తి కావాలి. అతనికున్నది 90. ఆటలో ఎన్ని యుద్ధాలు చేయించినా అది పెరగదు. ఆ తక్కువకు తన ప్రాణమే చెల్లించాడు. గోల్బెజ్ వశంలోనున్న కెయిన్ అనే వీరునికి విడుదల కలిగింది, నిజమే. గోల్బెజ్ మాత్రం గాయపడి తప్పించుకొన్నాడు. పగ తీరలేదు, ముసలివాడు మరల లేవలేదు.

దీనికి ముందే ఆ కథలో ఇంకొక బలి జరిగింది. పాలమ్, పోరమ్ అని ఐదేండ్ల కవలలు. వారూ మాంత్రికులే. ఒక కోటలో రెండు వైపుల గోడలు దగ్గరకు జరిగి అందరినీ నలిపివేయబోగా, ఆ పసివారు తమ మంత్రంతో తామే రాళ్లుగా మారి గోడలను ఆపారు. టెల్లా అక్కడే ఉన్నాడు. వారిని మామూలు మనుష్యులుగా చేయాలని మంత్రం వేశాడు గాని పని చేయలేదు. తమంతట తామే కోరుకొని రాళ్లయినవారు గదా! చాలాకాలానికి వారి ఊరి పెద్ద వారిని మరల మనుష్యులుగా చేస్తాడు.

గమనించారా? ఆ పిల్లలు తమ ప్రక్కనున్నవారిని చూచి బలియైనారు. టెల్లా శత్రువును చూచి బలియైనాడు. కుమార్తె ప్రేమతో మరణిస్తే, తండ్రి ఆమె పేరిట ద్వేషంతో మరణించాడు. బిడ్డను పోగొట్టుకొన్న తండ్రిని తప్పుపట్టడానికి మాకు నోరు రాదు. అయినను, ప్రేమ లేని త్యాగం వ్యర్థమని అపొస్తలుడైన పౌలు కొరింథీ సంఘానికి వ్రాసిన సంగతి జ్ఞాపకం రాక మానలేదు.

మన ఇండ్లలో మాత్రం? పిల్లల కొరకు ఒళ్లు హూనం చేసుకొని, “మీ కోసమే నేనిలా అయిపోయాను” అని దినదినమూ దెప్పే తల్లిదండ్రులు లేరా? తోబుట్టువుల మీద పంతంతో ఇల్లు కట్టి అప్పులపాలైనవారు లేరా? మేము సైతం ఒకప్పుడు, ఒకరన్న మాట మనసులో పెట్టుకొని, వారికి చూపించాలనే పట్టుదలతో రాత్రింబగళ్లు తిరిగి మంచాన పడ్డాము. జావ తెచ్చిన మా ఇంటావిడ, “ఇదంతా ఎవరి కోసమండీ?” అని అడిగింది. మా వద్ద జవాబు లేదు.

పాఠకులారా, ఈ నెల మీరు దేనికొరకు అలసిపోవుచున్నారో, అక్కడ ఒక్క నిమిషం ఆగి అదే ప్రశ్న వేసుకొనుడి. అలుపు ఎవరికైనా ఒకటే. అది ఎవరి ముఖం తలచుకొని పడుచున్నామో, అక్కడే ఉన్నది తేడా.