ఒక్క అంకెతో సూర్యుణ్ణి తూచేస్తారా?

2024 అక్టోబరు 3న సూర్యుడి మీద ఓ జ్వాల పేలింది. తెల్లారేసరికి ఇంటి నుంచి ఫార్వర్డులు: ఎక్స్ 9, భూమికి ముప్పు! (ఎక్స్-కిరణాల్ని మన గాలిపొర ఆపేస్తుంది లెండి. పగలున్న వైపు షార్ట్‌వేవ్ రేడియో కాసేపు మూగబోతుంది.)

ఆ 9 ఏమిటంటారా? 1 నుంచి 8 ఆంగ్‌స్ట్రాముల మధ్య ఎక్స్-కిరణాలన్నీ ఒకే కుప్పగా పోసి తూచినప్పుడు వచ్చిన గరిష్ఠ బరువు. కుప్పలో ఏముందో అది చెప్పదు.

అసలు కథంతా వర్ణపటంలో ఉంది. మామూలప్పుడు కరోనా (వైరస్ కాదండోయ్, సూర్యుడి బయటి పొర) ఇచ్చే ఎక్స్-కిరణాలు నీరసమైనవి. కొన్ని కిలో ఎలక్ట్రాన్ వోల్టులు దాటితే పటం దాదాపు ఖాళీ. జ్వాల పుట్టగానే వేగం పుంజుకున్న ఎలక్ట్రాన్లు కిందనున్న దట్టమైన పొరని గుద్దుతాయి. పదుల కిలో ఎలక్ట్రాన్ వోల్టుల కఠిన కిరణాలు ఎగసిపడతాయి. ఆ దెబ్బకి కాగిన వాయువు కోటి, రెండు కోట్ల డిగ్రీల వేడితో పైకి లేచి మృదు కిరణాలు కుమ్మరిస్తుంది. 6.7 దగ్గర ఇనుము గీత మొలుస్తుంది. అంటే, ఎక్స్ శిఖరం కనబడేసరికి సాధారణంగా అసలు కొట్లాట అయిపోవచ్చింది!

సర్వరు కూలినప్పుడు పీక్ నంబరొకటి చేతిలో పెట్టి కారణం చెప్పమంటే మా టీములో ఎవడూ ఒప్పుకోడు. లాగ్ ఏదీ అంటాం.

ఆ లాగ్ మన దగ్గరే ఉంది. 2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుంచి వెళ్ళిన ఆదిత్య-ఎల్1లో సోలెక్స్ మృదు కిరణాల్నీ, హీలియోస్ కఠిన కిరణాల్నీ శక్తివారీగా విడదీస్తాయి. ఈసారి జ్వాల పేలినప్పుడు మన పేపర్లు ఆ రెండు గీతలూ పక్కపక్కన అచ్చేస్తే, ఏది ముందు లేచిందో హైస్కూలు పిల్లలే చెప్తారు.