వెనుకకు పిలిచిన బండి

కారు కొనబోవువాడు దాని రంగు చూచును, ఆసనములపై చేయి వేసి చూచును, లీటరుకు ఎన్ని కిలోమీటర్లు వచ్చునని అడుగును. పెట్రోలు ట్యాంకులో మునిగియుండు ఫ్యూయల్ పంపును గూర్చి అడిగినవాడు అరుదు. అది ఆగిపోయిన నాడు తప్ప దాని పేరు ఇంటిలో వినబడదు.

ఈ పంపు విద్యుత్తుతో నడచును. దాని లోపల చిన్న ప్లాస్టిక్ చక్రమొకటి అతివేగముగా తిరుగుచు పెట్రోలును ఒత్తిడితో ఇంజనుకు పంపుచుండును. చక్రమునకును అది తిరుగు గూటికిని నడుమ ఎడము మిక్కిలి స్వల్పము. ఆ ప్లాస్టిక్ సాంద్రత చాలనిదైనచో, అది పెట్రోలులో నాని కొంచెము కొంచెముగా ఉబ్బును. వానకాలమున ఉబ్బిన తలుపు చట్రమునకు పట్టుకొనినట్లే ఉబ్బిన చక్రము గూటిని రాచుకొనును. మొదట బండి ఉదయము పూట మొరాయించును. పిమ్మట వేగము అందుకొనవలసిన చోట అందుకొనదు. తుదకు నడచుచుండగనే ఇంజను ఆగిపోవును, స్టీరింగు బరువెక్కును, బ్రేకునకు తోడ్పడు బలము సన్నగిల్లును. ఇది ఇంటి ముందర సందులో జరిగినచో చిరాకు మాత్రమే. హైదరాబాదు–విజయవాడ రహదారిపై వెనుకనే లారీ వచ్చుచుండగా జరిగినచో ప్రాణాపాయము.

ఇది ఊహించి వ్రాసిన భయము కాదు. 2020 జూన్‌లో హోండా సంస్థ 2018లో తయారైన 65,651 కార్లను ఫ్యూయల్ పంపు మార్చుటకై మన దేశమున వెనుకకు పిలిచినది. మరుసటి నెలలోనే మారుతి సుజుకి సంస్థ వాగన్ ఆర్, బాలెనో రకములలో 1,34,885 బండ్లను ఫ్యూయల్ పంపు పరీక్షకే పిలిచినది. 2024 మార్చిలో ఆ రెండు రకములనుండియే మరి 16,041 బండ్లు పిలువబడినవి. అవి 2019లో తయారైనవి. అదే 2024 అక్టోబరులో హోండా పిలిచిన 90,468 బండ్లలో పెక్కు 2017, 2018 నాటివి. ఈ సంవత్సరములను పాఠకులు గుర్తుంచుకొనవలెను. వీటితో తరువాత పని కలదు.

వెనుకకు పిలుచుట అనగా, వాడుకలో రీకాల్ అనగా, బండిని తిరిగి కొనుట కాదు. లోపమున్న భాగమును సంస్థ తన ఖర్చుతో సరిచేసి యిచ్చుట. దీనిని సంస్థకు అపకీర్తిగా భావించువారు కలరు. అది పొరపాటు. తప్పు జరిగినదని పిలిచి చెప్పిన సంస్థ, తెలిసియు మిన్నకుండిన సంస్థకంటె నూరు రెట్లు మేలు. చిక్కు పిలుచుటలో లేదు, పిలుపు ఎవరికి చేరుచున్నదన్న దానిలో ఉన్నది.

ఒక ఉపాధ్యాయుడు ఐదేండ్లు తిరిగిన కారును తెలిసినవారి వద్ద కొనినాడనుకొందురు గాక. షోరూమువారి పుస్తకములో ఉన్నది మొదటి కొనుగోలుదారు పేరు, అతని ఫోను సంఖ్య. సందేశము అతనికి పోవును. బండి అమ్మివేసినవాడు దానిని చదివి ఊరకుండును. ఉపాధ్యాయుని కారు ఒకనాడు పాఠశాలకు పోవు దారిలో ఆగిపోవును. ఊరి మెకానిక్కు పంపు మార్చి, వేల రూపాయలకు చీటీ వ్రాసి యిచ్చును. కొన్ని నెలల పిమ్మట స్టాఫ్ రూములో ఎవరో రీకాల్ మాట ఎత్తుదురు. అతడు షోరూమునకు పరుగిడగా, “పంపు మార్చివేసినారు గదా, ఇక మేము చేయవలసినదేమున్నది?” అని సమాధానము వచ్చిన నాడు అతడు ఎవరితో చెప్పుకొనవలెను?

చట్టము లేకపోలేదు. 2012 నుండి తయారీదారుల సంఘపు స్వచ్ఛంద నియమావళి ఒకటి ఉండెను. 2019లో మోటారు వాహనముల చట్టమును సవరించి 110ఎ సెక్షనును చేర్చిరి. లోపమువలన ప్రయాణికులకుగాని, ఇతరులకుగాని, పరిసరములకుగాని హాని కలుగునేని, కేంద్ర ప్రభుత్వము బండ్లను వెనుకకు పిలువుమని ఆజ్ఞాపింపవచ్చును. తయారీదారు మూల్యము తిరిగి ఈయవలెను, లేదా బండిని మార్చియీయవలెను, లేదా బాగుచేయవలెను. 2021 ఏప్రిల్ 1 నుండి అమలునకు వచ్చిన నియమములు 10 లక్షల నుండి కోటి రూపాయల వరకు జరిమానాను నిర్ణయించినవి. లోపమును తానే కనిపెట్టి పిలిచినవానికి జరిమానా లేదు. ఇది వివేకముగల ఏర్పాటు.

అయితే ఆ నియమములే ఏడేండ్లలోపు బండ్లకు మాత్రమే వర్తించునన్నవి. సొంత కారునకు ప్రభుత్వము రిజిస్ట్రేషను ఇచ్చుట 15 ఏండ్లకు. రోడ్డుపై 15 ఏండ్లు తిరుగనిచ్చి, రక్షణను ఏడేండ్లతో ముగించుట ఏ లెక్క? 2017 నాటి బండ్లలోని పంపు సంగతి 2024లో గదా బయటపడినది! నాని ఉబ్బు వస్తువు పంచాంగము చూచి ఉబ్బదు. ఏడేండ్లు దాటిన కారును నడుపువారు తరచు రెండవ, మూడవ యజమానులు, చిన్న జీతములవారు. రక్షణ అవసరమైన చోటనే అది తెగిపోవుచున్నది.

అమెరికాలో 1966లోనే ఈ విషయమున చట్టము వచ్చినది. ఉచితముగా బాగుచేయవలెనన్న విధి 1974లో చేరినది. అయినను ఉత్తరము ఆలస్యమైనచో ఏమగునో ఫోర్డ్ పింటో కథ చెప్పును. ఆ కారులో పెట్రోలు ట్యాంకు వెనుక ఇరుసునకును బంపరునకును నడుమ ఉండెను. వెనుకనుండి మరొక బండి గ్రుద్దినచో ట్యాంకు ముందుకు నెట్టబడి ఇరుసుపైనున్న బోల్టులకు తగిలి చీలును, పెట్రోలు పోయు గొట్టము ఊడిపోవును. 1978 జూన్‌లో ఫోర్డ్ సుమారు 15 లక్షల బండ్లను పిలుచుటకు అంగీకరించినది. మందు ఏమనగా, ట్యాంకునకు ఒక ప్లాస్టిక్ డాలు, పొడవైన గొట్టము. ఆ ఆగస్టులో ఇండియానా రాష్ట్రమున ఒక పింటోను వెనుకనుండి వ్యాను గ్రుద్దగా ముగ్గురు బాలికలు మంటలలో మరణించిరి. నాటికి ఆ యింటికి ఉత్తరము చేరలేదు. సంస్థపై క్రిమినల్ విచారణ జరిగినది. 1980 మార్చిలో జూరీ అది నిర్దోషియని తీర్పు చెప్పినది. తీర్పు న్యాయమా కాదా అన్న వాదము అట్లుండనిచ్చినను, పిలుపునకు సంస్థ అంగీకరించినను ఆ ఉత్తరము చేరకయే ఆ బాలికలు ప్రయాణము చేసిరన్న మాట మిగులును.

ఆ దేశమున నేడు తయారీదారు రాష్ట్రముల రిజిస్ట్రేషను పుస్తకములనుండి ప్రస్తుత యజమాని చిరునామా తీసి ఉత్తరము వ్రాయవలెను. ఉచితముగా బాగుచేయు కాలపరిమితిని 2015లో పదేండ్లనుండి పదునైదుకు పెంచిరి. పిలుపునకు ముందే సొంత డబ్బుతో బాగుచేయించుకొనినవారికి ఆ ఖర్చు తిరిగి ఇచ్చు పద్ధతిని 2000 నాటి చట్టము కల్పించినది. మన దేశమున వీటికి కావలసిన సామగ్రి లేదా? దేశములోని రిజిస్ట్రేషనులు ‘వాహన్’ దస్త్రమున కంప్యూటరులో ఉన్నవి. చలానా వ్రాయుటకు ప్రస్తుత యజమాని ఫోను దొరకుచున్నది, ప్రాణాపాయము తెలుపుటకు మాత్రము దొరకుట లేదు!

యజమానుల తప్పును దాచనక్కరలేదు. ఉచితముగా మార్చెదమన్నను ఒక పూట సెలవు పోవునని వెళ్ళనివారున్నారు. రిజిస్ట్రేషను పత్రముపై నున్న ఛాసిస్ సంఖ్యను సంస్థవారి వెబ్‌సైటులో వేసి చూచినచో బండి జాబితాలో నున్నదో లేదో తెలియును. పాత కారు కొనువారు ఈ పనిని బేరమునకు ముందే చేయవలెను.

కాని చీటీ సంగతి యజమాని చేతిలో లేదు. 110ఎ సెక్షను మూల్యము తిరిగి ఇచ్చుటను, మార్చుటను, బాగుచేయుటను చెప్పినది. ముందే బాగుచేయించుకొనినవాని ఖర్చును గూర్చి అందులో మాట లేదు. మెకానిక్కు ఇచ్చిన చీటీని మడిచి బల్ల సొరుగులో దాచుకొనిన ఉపాధ్యాయునికి ఆ డబ్బు వచ్చుటయు రాకపోవుటయు నేటికిని సంస్థవారి దయపైననే ఆధారపడియున్నది.